ఆడోళ్ల రేవుల నీసు

మొన్న మా మనుమడు టీవి ముందల కూసొని నన్ను పిలిచిండు. ఏదో దేశంల సొరచేపలు మనుషులను పడుతున్నయట. ఒక ఏడు ఎక్కువ పడుతయట, ఒక ఏడు తక్కువ పడుతయట. ఎందుకట్ల అని కోటేసుకున్న ఒకాయన బొమ్మలు గీసి చెప్తున్నడు. "అవ్వా, దాని పండ్లు చూడు" అని వీడు నన్ను భయపెట్టవట్టె. నేను పండ్లు చూడలే. ఒడ్డు మీద నిలవడ్డ మనుషులను చూసిన. వీళ్లల్ల ఎవడో ఒకడు దానికి తిండి మప్పి ఉంటడు అనుకున్న.

నేను సొరచేపను చూడలే. సముద్రమే చూడలే. పాలమూరు జిల్లాల పుట్టినదానికి సముద్రం ఎక్కడిది? మాకు కృష్ణ ఉండె, కృష్ణల మొసళ్లుండె. కొల్లాపూర్ దిక్కు ఏటి ఒడ్డున మా ఊరు. గా ఊరు ఇప్పుడు డ్యామ్ నీళ్ల కింద ఉన్నది. దాని గురించి ఏడ్చెటోళ్లు శానమంది ఉన్నరు, నేను ఏడ్వను. నా ఏడుపు వేరే.

మొసలి పక్కన బతుకుడంటే కోపిష్టి మనిషి ఇంటి పక్కన బతికినట్టే. దాని జాగ దానిది, మన జాగ మనది. చలికాలం అది బండల మీద నోరు తెరుచుకొని ఎండ కాగుతుండె, మేము ఇవతల నీళ్లు ముంచుకొని వస్తుంటిమి. ఎండకాలం వస్తేనే తిప్పలు. ఏరు పాయలు పాయలయి, లోతున్న మడుగులల్లనే నీళ్లు మిగులుతుండె. మాకూ గవే నీళ్లు, దానికీ గవే నీళ్లు. పైగా అది ఇసుకల గుడ్లు పెట్టి కావలి ఉండేది కూడా గప్పుడే. అందుకని ఎండలు ముదరకముందే మొగోళ్లు ఏట్లకు దిగి ఆడోళ్ల రేవు చుట్టూత తుమ్మకంప పాతేటోళ్లు. కంప అవతల మొసలి, ఇవతల మేము.

ఇంకో కట్టుబాటు ఉండె. నీసు ఏట్ల పడొద్దు. చేపలు కడిగినా, మాంసం కడిగినా ఆ నీళ్లు ఇంటెనక చెట్టుకే పొయ్యాలె. పండుగకు మేకను కోస్తే పేగులూ నెత్తురూ ఊరవతల గుంత తీసి పూడ్చాలె. కోసిన కత్తి కూడా ఏట్ల కడగనిచ్చేటోళ్లు కాదు. ఒకసారి ఎవరో కొత్త కోడలు చేపల గిన్నె తెచ్చి రేవుల తోముతుంటే మా నాయినను కన్న అవ్వ గా గిన్నె గుంజుకొని గట్టు మీదికి ఇసిరింది. "నీ ఇల్లు బంగారంగాను, దానికి మన రేవు చూపిస్తవా పిల్లా" అని తిట్టింది. గా తిట్టు నాకు శాన నచ్చింది, ఇంటికాడ పిల్లిని తిట్టుకుంట తిరిగిన.

నాకు ఎరుకైన కాడికి మా ఊర్ల మొసలి దూడను పట్టింది, కుక్కను పట్టింది, మనిషిని పట్టలే. అది మంచిదని కాదు. మన ఒడ్డున దానికి తిండి ఉన్నదని దానికి ఎవ్వలు నేర్పలే, అంతే.

నేర్పినోడు మా మేనమామ.

మా అమ్మ తల్లిగారిది కూడా అదే ఊరు. గత్తర రోగం వచ్చిన ఏడు అమ్మమ్మ, తాత ఇద్దరూ పోయిండ్రట. గప్పటికి మామ ఇంకా పాలు మరవలే. అమ్మ వాన్ని సంకనేసుకొనే మా నాయిన ఇంటికి కాపురానికొచ్చింది. నేను పుట్టకముందే ఆమెకు ఒక కొడుకున్నడంటే వాడే. నాకు పాలు తక్కువైనా వానికి పెరుగు తక్కువ కాలేదని నాయిన నవ్వుకుంట అనేటోడు. మామ కూడా ముచ్చటైన మనిషే, అబద్ధమెందుకు చెప్పాలె? మంచిగ పాటలు పాడేటోడు, కొల్లాపూర్ పోతే నాకు గాజులు తెచ్చేటోడు. పెండ్లయినంక పక్కనే చిన్న గుడిసె వేసుకున్నడు. తిండి మాత్రం మా ఇంట్లనే. అక్క వండిందే కూర అని పెండ్లాం ముందలనే అనేటోడు. గా పిల్ల మొకం చిన్నబుచ్చుకునేది.

గా ఏండ్లల్లనే మొసలి తోళ్లు కొనెటోళ్లు పట్నం నుంచి దిగవట్టిండ్రు. బూట్లకట, దొరసానుల సంచులకట. ఒకాయన తుపాకి పట్టుకొని వచ్చి పైనున్న ఊర్ల మకాం పెట్టిండు. ఆయనకు ఏరు తెల్వదు, మొసళ్ల జాగలు తెల్వయి. మామ దోస్తు అయిండు. మా మామకు ఎవ్వలైనా జర్రంత షోకు మనిషి కనవడితే చాలు, వాని ఎనుక తోక ఊపుకుంట తిరుగుతడు.

ఎండకాలం నాయిన ఏటి ఇసుకల కరుబూజ పాదులు పెట్టేటోడు. ఒకనాడు నేను ఆయనకు బువ్వ తీసుకపోతున్న. ఎండ నెత్తి మీదున్నది, ఇసుక కాలుతాంది. రేవు కాడికి వచ్చేసరికి మామ మోకాళ్ల లోతు నీళ్లల్ల ఉన్నడు. ఒక దిక్కు తుమ్మకంప పీకి పక్కకు పెట్టిండు. ఒడ్డు మీద గోనెసంచి, దాంట్లనుంచి మేక పేగులు తీసి మడుగు దిక్కు ఇసురుతున్నడు. ఈగలు ముసురుతున్నయి.

"మామా, ఏం చేస్తున్నవే?" అని అడిగిన.

ఉలిక్కిపడ్డడు. నన్ను చూసి నవ్విండు. "మొసలిని మచ్చిక చేస్తున్న పిల్లా. షికారి సాబు వచ్చి కొడ్తడు. లోతు మడుగుల కొడితే అది మునిగిపోతది, తోలు దొరకది. గీడ నీళ్లు తక్కువ, గుంజుకొచ్చుడు అల్క, తిప్పలుండది."

"మరి మేము గీడికే నీళ్లకు వస్తం గద?"

"మీరు పొద్దుగాల వస్తరు. నేను మాపటికి మేపుతున్న. గా టైముకే వస్తది, గా టైముకే పోతది. నేను మళ్ల కంప పెడ్త. ఇయ్యాల తొందర పని ఉండి మధ్యాన్నం వచ్చిన. ఎవ్వలకు చెప్పకు."

మొసలికి టైము ఎరుకట! బడి గంట కొడితే వచ్చే పిల్లగాండ్ల లెక్క. పెరట్ల కోళ్లకు మాపటికి గింజలేస్తే మాపటికి వచ్చినట్టు అదీ వస్తదనుకున్నడు. కోళ్లు కూడా మాపటికే రావు గద, పొద్దంతా అక్కడనే గీరుకుంట తిరుగుతయి. గింత చిన్న సంగతి వానికి తట్టలే.

నేను దాచలే. గా రోజే మాపటికి అమ్మకు చెప్పిన. అమ్మ రొట్టె కొడుతున్నది, చెయ్యి ఆగింది. మామ బువ్వకు వస్తే అడిగింది కూడా. మామ పడిపడి నవ్విండు. "అక్కా, నీ బిడ్డకు ఎండ కొట్టింది. నేను కాళ్లు కడుక్కుంటున్న, అంతే. పేగులంట, మొసలంట!" అన్నడు. అమ్మ మొకం తేటపడ్డది. నా దిక్కు చూసి, "మామ మీద చాడీలు చెప్తవానే? నాలుక కోస్త" అన్నది. వానికి ఇంకో రొట్టె వేసింది.

తర్వాత ఎన్ని దినాలకో సరిగ్గ యాది లేదు, కరుబూజలు పండుకొస్తున్నయి. పొద్దుగాల అమ్మ ముందల బిందె పట్టుకొని దిగింది. ఎనక ఇంకొందరు ఆడోళ్లు ముచ్చట పెట్టుకుంట వస్తున్నరు. వాళ్ల ఎనక నేను, చిన్న బిందెతోని. గట్టు మీదికెళ్లి చూస్తే అమ్మ నీళ్ల అంచుకు నిలవడి మామతోని ఏదో మాట్లాడుతున్నది. మామ బండ మీద కూసొని పండ్లపుల్ల నములుతున్నడు. ఏం మాట్లాడుకున్నరో నాకు వినవడలే. ఇగ అమ్మ దిగింది, వంగి బిందె ముంచింది.

నీళ్లు లేచినయి. అరుపు కూడా సరిగ్గ రాలే అమ్మకు. కుడిచెయ్యి పట్టింది అది. ఆడోళ్లు ఆగలే, బిందెలతోనే దిగిండ్రు. ఒకామె అమ్మ నడుము పట్టింది, ఒకామె కొప్పు పట్టింది, మిగిలినోళ్లు ఇత్తడి బిందెలతోని దాని మొకం మీద కొట్టవట్టిండ్రు. గా చప్పుడు నా చెవులల్ల ఇప్పటికీ ఉన్నది. నేను ఒడ్డు మీద పొర్లుకుంట ఏడుస్తున్న. మామ ఏడున్నడు అంటరా? గా బండ మీదనే నిలవడి ఉన్నడు. పండ్లపుల్ల చేతులనే ఉన్నది. దిగలే. మా అమ్మ సంకల పెరిగినోడు మోకాళ్ల లోతు నీళ్లల్లకు దిగలే.

మొసలి ఇడిచిపెట్టింది గని చెయ్యి దక్కలే. ఎడ్లబండ్ల కొల్లాపూర్ దవాఖానకు తీసుకపోతే మోచేతి కాడికి తీసేసిండ్రు. అమ్మ బతుకుడే గొప్ప అన్నరు. నాయిన దవాఖాన ముందల చెట్టు కింద పొయ్యి పెట్టి గంజి కాసేటోడు. నేను తాపేదాన్ని. అమ్మ జ్వరంల కూడా "తమ్ముడు తిన్నడా?" అని అడిగేది.

తమ్ముడు ఊర్ల ఏం చేస్తున్నడో ఆమెకు తెల్వదు. మేము తిరిగొచ్చేసరికి ఊరంతా ఒకటే మాట. అమ్మ ముట్టుల ఉండి ఏట్ల దిగిందట, గంగమ్మకు కోపం వచ్చిందట, అందుకే మొసలి పట్టిందట. గా మాట ముందుగాల ఎవలన్నరు అని నేను ఇంటింటికి తిరిగి అడిగిన. ఎవ్వలను అడిగినా ఇంకొకళ్ల పేరు చెప్పిండ్రు. ఆఖరికి గా కొప్పు పట్టి గుంజినామె చెప్పింది: "మీ మామనే అన్నడు గదనే. అక్క సంగతి నాకేం ఎరుక, ఆడోళ్ల ముచ్చట, మైలల దిగిందో ఏమో అని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు."

కండ్లల్ల నీళ్లట! మన్నువడ వాని మొకాన.

ఇగ అమ్మను రేవుకు రానియ్యలే. పెండ్లి పసుపు కొట్టుడుకు పిలువలే. పక్కింట్ల పురుడైతే గడప కాడనే నిలవెట్టిండ్రు. చెయ్యి పోయినందుకు ఏడ్వని మనిషి గడప కాడ నిలవెట్టిన నాడు ఏడ్చింది. "నేనేం పాపం చేసిన బిడ్డా" అని నన్నే అడిగింది. నాకు జవాబు ఎరుక గద! నా తల్లి ఏ పాపం చెయ్యలే, గా మాట పదిమంది ముందల చెప్తే చాలు, అమ్మను మళ్ల పిలుస్తరు, పసుపు రాస్తరు, రేవుకు రానిస్తరు. గా ఒక్కటే ఆలోచన నాకు. తిన్నా గదే, పండుకున్నా గదే.

చావడి కాడ పంచాయతి పెట్టిండ్రు. గంగమ్మకు మొక్కు చెల్లించాలె, మేకను ఆడోళ్ల రేవులనే కోసి తల, పేగులు నీళ్లల్ల ఇడవాలె అని మాట. మొక్కు సంగతి ఎత్తుకున్నది మా మామనే. ఆహా, ఏం భక్తి! నీసు ఏట్ల పడొద్దన్న కట్టు యాదికున్న ముసలోళ్లు ఇద్దరు ముగ్గురు గొణిగిండ్రు గని, దేవత సంగతి గద, గట్టిగ అననీకి భయపడిండ్రు. తప్పు మా ఇంటిది కాబట్టి మేక కూడా మేమే ఇయ్యాలె అన్నరు. నాయిన తల ఊపిండు.

నేను ఆడోళ్ల నడుమ నుంచి లేచిన. "మొసలిని మా మామనే మప్పిండు" అన్న. గోనెసంచి చెప్పిన, పేగులు చెప్పిన, కంప పీకింది చెప్పిన, తోళ్లకొచ్చిన షికారి సాబు సంగతి చెప్పిన. మామ మొకం తెల్లగైంది. ఒక పెద్దమనిషి అన్నడు, "పిల్ల ముచ్చట ఒట్టిగనే తీసేయొద్దు. తల్లిని అడుగుదాం." అందరూ అమ్మ దిక్కు తిరిగిండ్రు.

నేను అమ్మను చూసి నవ్విన. ఇగ అయిపోయింది, ఇగ బయటపడ్డవే అమ్మా అన్నట్టు నవ్విన.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. "పిల్ల అబద్ధమాడుతాంది" అన్నది. "వాళ్ల మామ అంటే దానికి మొదటి సంది గిట్టది. నా తమ్ముడు గసోంటోడు కాదు. తప్పు నాదే."

తప్పు నాదే అన్నది! ముట్టుల లేదని ఆమెకు ఎరుక, నాకెరుక, బట్టలు ఉతికినామెకు ఎరుక. అయినా అన్నది. ఎవలో నా చెయ్యి పట్టి కిందికి గుంజిండ్రు. ఎనకనుంచి ఒకామె, "గింత పిల్లకు గింత విషమా" అన్నది. ఇంటికొచ్చినంక నాయిన నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "నువ్వు చూసింది నిజమే కావచ్చు బిడ్డా. మీ అమ్మ మాట కొట్టెయ్య నాతోని కాదు" అన్నడు. గా చెయ్యి తీసేసిన నేను.

మొక్కు అయింది. ఆడోళ్ల రేవులనే మేకను కోసిండ్రు, నీళ్లు ఎర్రగైనయి. డప్పులు కొట్టిండ్రు. కొన్ని దినాలకే చాకలోళ్ల గాడిదపిల్లను మొసలి ఒడ్డు మీదికొచ్చి పట్టింది. గంగమ్మకు ఇంకా సాలలేదన్నరు, ఇంకో మేకను కోసిండ్రు. పెడుతున్నకొద్ది వచ్చేది వస్తనే ఉంటది, రాకేం చేస్తది? అవతలి ఒడ్డుకు పోయే పుట్టి పక్కపొంటి ఈదుకుంట వచ్చేదట. పుట్టి నడిపేటోడు తెడ్డుతోని కొట్టుకుంట పోయేటోడు. మొగోళ్లు కూడా నీళ్లల్లకు దిగుడు బందు చేసిండ్రు.

ఇగ తోలు సాబుకు పండుగ. మామ చూపిస్తుంటే ఒకటెనుక ఒకటి కొట్టిండు. ఇసుకల తోళ్లు ఆరేసిండ్రు, వాసనకు అన్నం పోయేది కాదు. మామ చేతికి గడియారం వచ్చింది, ఇంటి ముందలికి సైకిల్ వచ్చింది. వానలు పడి ఏరు నిండినంక మొసళ్లు కనవడుడు బందైంది. పై ఏడు ఒక్కటి కూడా రేవుకు రాలే. చూసిండ్రా గంగమ్మ శాంతించింది, మొక్కు ఫలించింది అని ఊరంతా సంబురపడ్డది. మొసలే లేకపోతే పట్టేదేంది? ఎందుకు ఎక్కువైనయో తెల్వదు, ఎందుకు తక్కువైనయో తెల్వదు, నడిమిట్ల మా అమ్మ పాపం మాత్రం అందరికీ తెలుసు.

నేను అమ్మతోని మాట్లాడుతుంటి. మాట్లాడక ఏం చేస్త? ఆమె కొప్పు నేనే వేయాలె, చీర నేనే కట్టాలె, పిండి నేనే పిసకాలె. గని లోపట ఒక తలుపు పడ్డది. ఊరోళ్లు నన్ను "అబద్ధాల పిల్ల" అనవట్టిండ్రు. ఏది చెప్పినా, "నిజమేనా, మీ మామ పేగుల ముచ్చట లెక్కనా" అని నవ్వేటోళ్లు. గా నవ్వుల నడుమనే పెద్దగైన.

పెండ్లి కుదిరింది. నల్లగొండ దిక్కు ఊరు, ఏరు లేదు, బావి నీళ్లే. నాకు గదే నచ్చింది. మా దిక్కు మేనమామ పెండ్లిపిల్లను గంపల కూసోబెట్టి పందిట్లకు ఎత్తుకొస్తడు. పెండ్లినాడు మామ కొత్త ధోతి కట్టుకొని, గడియారం పెట్టుకొని, గంప తెచ్చి ఇంట్లకు వచ్చిండు. "రా బిడ్డా" అన్నడు. నేను గోడకు ఆనుకొని నిలవడ్డ. "నీ గంపల నేను కూసోను" అన్న.

అమ్మ అందర్ని అవతలికి పంపి తలుపు దగ్గరికి వేసింది. ఎడమచెయ్యితోని నా గదుమ పట్టుకున్నది. "ఇజ్జత్ తీయకే, నీ కాళ్లు మొక్కుత" అన్నది.

"నేను చెప్పింది అబద్ధమేనానే?" అని అడిగిన. "ఒక్కసారి చెప్పు. మనిద్దరమే ఉన్నం."

అమ్మ మంచం మీద కూలవడ్డది.

"అబద్ధం కాదు. ఆనాడు రేవుల నీసు వాసన నాకూ వచ్చింది. కంప పక్కకు జరిగి ఉండె. నువ్వు చెప్పిన మాట యాదికొచ్చింది. బండ మీద వాడు కూసున్నడు. దిగాల్నారా తమ్మీ అని అడిగిన. ఏం లేదక్కా, దిగు, నేనున్న గద అన్నడు. దిగిన."

పందిట్ల డప్పులు వినవడుతున్నయి.

"మరి చావడి కాడ?"

"నా చేతులతోని పెంచినోడు నన్ను మొసలి నోట్లకు దిగమన్నడని పదిమందిల ఎట్ల చెప్పుకోవాలె? మైలల దిగిన దాన్నంటే బతుకుత బిడ్డా. గా మాట చెప్పుకొని బతుకలేను. ఊరోళ్లు వాన్ని తరిమేటోళ్లు. వాడు పోతే నాకు తల్లిగారిల్లు ఏది?"

"నన్ను అబద్ధాలకోరును చేసినవు గదనే! పదిమందిల నీ కోసం లేచి నిలవడ్డ నన్ను!"

అమ్మ నా దిక్కు సూటిగ చూసింది. సిగ్గుపడలే, ఏడ్వలే. కూరల ఉప్పు వేసిన అని అన్నంత మామూలుగ చెప్పింది.

"నువ్వు నా బిడ్డవు. ఏం చేసినా నన్ను ఇడిచిపెట్టి ఎటు పోతవు అనుకున్న."

పందిట్లకు నేను నాయిన చెయ్యి పట్టుకొని నడిచి పోయిన. మామ ఖాళీ గంప పట్టుకొని ఎనక వచ్చిండు. తలంబ్రాలైనయి, భోజనాలైనయి. ఎండ చల్లవడ్డంక ఎడ్లబండి కట్టిండ్రు. అమ్మ బండి పక్కన నడుచుకుంట, "పండుగకు వస్తవు గద బిడ్డా?" అని అడిగింది.

రాను అని చెప్పిన. గా మాట కూడా ఆమె నమ్మలే.